నీళ్లలో చిల్లికుండ

మా మేనత్త పోయి చాలా ఏళ్లయింది. పదో రోజున వచ్చిన చుట్టాలంతా ఆవిడ చెయ్యి ఎంత చల్లనిదో చెప్పుకున్నారు. ఆ చెయ్యి పడితే ఎండిన చెట్టు కూడా చిగురించేదట. నేను విస్తరి ముందు కూచుని అన్నీ వింటూ అన్నం తిన్నాను. ఎవరికీ ఎదురు చెప్పలేదు. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదని కాదు. చెప్పాల్సింది ఆవిడ బతికుండగానే, నలుగురి ముందు, ఆవిడ మొహం మీదే చెప్పేశాను. ఇంక విస్తరి ముందు మిగిల్చుకున్నది ఏమీ లేదు.

ఆ చెయ్యి ఎంత చల్లనిదో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆ చెయ్యే నా చేపల గుడ్లను చౌరస్తాలో పగలగొట్టింది.

డెబ్బైల నడిమి మాట. టాటానగర్‌లో సీతారాండేరా బస్తీలో మాది రెండు గదుల ఇల్లు. తాత హయాంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చిన కుటుంబం మాది. నాన్న కార్ఖానాలో క్రేన్ నడిపేవాడు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. నేను పదో తరగతి పాసైనప్పుడు ఏం కావాలని నాన్న అడిగాడు. చేపల తొట్టె కావాలన్నాను. చెవిపోగులో, చీరో అడుగుతాననుకున్నాడేమో, కాసేపు నావైపు చూసి నవ్వాడు. తర్వాత తెలిసిన వెల్డరు చేత ఇనప యాంగిళ్ల చట్రం చేయించి, అద్దాలు కోయించి, ఆదివారమంతా కూచుని ఆయనే పుట్టీ పెట్టాడు. మొదట్లో ప్రతి మూలా కారేది. అమ్మ కింద గిన్నెలు సర్దుతూ, ‘వానాకాలం ఇంట్లోకే తెచ్చీసినారు తండ్రీకూతుర్లు’ అని విసుక్కునేది. పుట్టీ గట్టిపడ్డాక కారడం ఆగిపోయింది.

సాక్చీ బజారులో ఒకాయన పాలిథీన్ సంచుల్లో రంగుచేపలు వేలాడదీసి అమ్మేవాడు. ఆయన దగ్గర తొట్టెలో పెట్టుకునే బొమ్మలు కూడా ఉండేవి. రంగులేసిన కోట, నోరు తెరిచి మూసే మొసలి, పెట్టె మీద కూచున్న జలకన్య. ఆ జలకన్య పెదాలకు వేసిన ఎరుపు చూస్తే నాకు ఒళ్లు మండేది. చేపకి జలకన్యతో ఏం పని? దానికి కావలసింది భయం వేస్తే దూరడానికో చీకటి మూల. అది నేనే చేస్తాననుకున్నాను.

కొబ్బరి చిప్పను నీళ్లు ఎర్రబడటం ఆగేదాకా మళ్లీ మళ్లీ ఉడకబెట్టి, అంచును గచ్చు మీద అరగదీసి, గుహలా బోర్లించాను. పాత ఇంటి కప్పు నుంచి రాలిన పెంకులతో మెట్లు కట్టాను. ఖర్కాయి నది ఒడ్డున ఏరిన రాళ్ల మీద నిమ్మరసం పిండి, నురగ వచ్చినవాటిని పారేశాను. నురగ వచ్చే రాయిలో సున్నం ఉంటుంది, అది చేపకు పడదు. కానీ అన్నిటికన్నా నాకు నచ్చింది కుండ. జుగ్సలాయి బజారులో కుమ్మరివాళ్లు అమ్మే, పిడికిలంత మూతి ఉన్న పొడవాటి చిన్న కుండలు. ఎర్రటి మట్టి, ఏ పూతా లేనిది. వాటిని నీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, మట్టి వాసన పోయేదాకా ఉంచేదాన్ని.

కుండతో ఒక్కటే చిక్కు. బోర్లిస్తే లోపల గాలి ఇరుక్కుంటుంది. నీళ్లలో ఎంత నొక్కినా ఓ పక్కకు ఒరిగి పైకి తేలుతుంది. దానికి మందు ఒకటే. అడుగున చిన్న చిల్లి పెట్టాలి. కొట్టి పెడితే కుండ పగిలిపోతుంది. నానిన కుండను ఒళ్లో పెట్టుకుని, నాన్న పాత ఆకురాయి మొనతో ఒకే చోట మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఎర్రటి బురద కారుతుంది. చివరికి మొన అవతలికి దిగుతుంది. ఆ కుండను నీళ్లలో బోర్లిస్తే చిల్లిలోంచి బుడగలు బుడబుడమని వరసగా పైకొస్తాయి. అవి ఆగిపోగానే కుండ బుద్ధిగా అడుగున కూచుంటుంది.

ఆ కుండ మీదే మా ఏంజెల్ చేపలు గుడ్లు పెట్టాయి. పళ్లెంలా చదునుగా ఉండి, పొడవాటి రెక్కలు, వెండి ఒంటి మీద నల్ల చారలున్న చేపలు అవి. జత కుదరడానికి ఏడాది పట్టింది. కుదిరాక రెండూ కలిసి కుండను మూతులతో తోమి తోమి శుభ్రం చేసేవి. ముత్యాలు గుచ్చినట్టు వరసగా గుడ్లు పెట్టేవి. తెల్లారేసరికి అవే తినేసేవి. అలా రెండుసార్లయింది. ప్రతిసారీ నేను ఏడ్చాను. మూడోసారి తినలేదు. ఒకటి రెక్కలతో గుడ్లకు విసురుతుంటే ఇంకొకటి కాపలా తిరిగింది. నేను అద్దానికి వేలు ఆనిస్తే మీదికి దూకేది. నన్నే నమ్మని ఆ చేపను చూస్తే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

సరిగ్గా అప్పుడే నాన్నకు టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. జుగ్సలాయి నుంచి మేనత్త సాయానికి దిగింది. అత్త నాన్నకు అక్క. చిన్నప్పుడే తల్లి పోతే నాన్నను చంకనేసుకుని పెంచిందావిడే. మామయ్యకు జుగ్సలాయిలో పప్పుల గోదాము ఉండేది. దాంతో మా ఇంట్లో ఆవిడ మాటంటే మాటే. నాన్న అయితే ఆవిడ నించోమంటే నించునేవాడు, కూచోమంటే కూచునేవాడు. వచ్చీరాగానే వంటింట్లో డబ్బాలన్నీ సర్దేసింది. తర్వాత తొట్టె ముందుకొచ్చి నడుం మీద చెయ్యేసుకుని నించుంది.

“ఏటే ఇది?”

“సేపల తొట్టి అత్తా.”

“అది కనపడతంది లేయే. ఆ కుండేటి నీల్లలో బోర్లించినావు? దానికి సిల్లేటి?”

“గాలి పోవాలి గదత్తా. సిల్లి లేపోతే తేలిపోద్ది.”

“ఒలమ్మో!” అని అత్త గుండె మీద చెయ్యేసుకుంది. “మొగోడు ఆస్పత్రిలో మంచం మీదున్నాడు, మీరు ఇంట్లో సిల్లికుండ నీల్లతో ఎట్టుకున్నారా? ఆ కుండ ఎప్పుడెత్తుతారో తెల్దేటే నీకు?”

తెలియకేం. తెలుగింట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. శ్మశానంలో తల కొరివి పెట్టేవాడు నీళ్లకుండను భుజాన పెట్టుకుని శవం చుట్టూ తిరుగుతాడు. తిరిగినప్పుడల్లా దానికి చిల్లి పెడతారు, నీళ్లు కారతాయి. ఆఖర్న కుండను వెనక్కి వదిలేసి, పగిలిన చప్పుడు విని కూడా తిరిగి చూడకుండా వచ్చేస్తాడు. అందుకే మనవాళ్లు పూలకుండీకి చిల్లి ఉంటే పట్టించుకోరు గానీ నీళ్లకుండకు చిల్లి పడితే క్షణం ఇంట్లో ఉంచరు. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. అందుకే మర్యాదగా బతిమాలుకున్నాను.

“దానిమీద గుడ్లున్నాయత్తా. రేపో మాపో పిల్లలౌతాయి. అవి ఈదడం మొదలెట్టాక నానే తీసి పారేత్తాను. నాలుగు రోజులాగు.”

అత్త వంగి చూసింది. కుండ వంపు మీద వరసలు తీరిన గుడ్లను, వాటికి రెక్కలతో విసురుతున్న చేపను చాలాసేపు చూసింది. “సర్లే, నాలుగు రోజులే గదా. ఎల్లు, కాలేజీకి టైమవతంది” అంది. ఆ ‘సర్లే’ని నేను నమ్మాను. నా చేప నాకంటే తెలివైనది. అది ఎవర్నీ నమ్మేది కాదు.

మర్నాడు పొద్దున కాలేజీకి వెళ్లే ముందు భూతద్దం పెట్టి చూశాను. గుడ్డులో వెంట్రుకంత తోక కదిలింది. ఒకటి కాదు, చాలా గుడ్లలో. ఆ రోజు కాలేజీలో ఏం చెప్పారో నాకొక్క ముక్క తలకెక్కలేదు. ఇంటికి పరిగెత్తుకొచ్చేసరికి తొట్టెలో నీళ్లు బురదగా ఉన్నాయి. కుండ లేదు. కుండ ఉన్నచోట ఇసకలో గుండ్రటి గుంట ఉంది. చేపలు రెండూ ఆ గుంట చుట్టూ తిరుగుతూ ఇసకను పొడుస్తున్నాయి. అత్త వంటింట్లో కొబ్బరి కోరుతోంది. తలెత్తలేదు.

“కుండేదమ్మా?” అని అమ్మని అడిగాను. అమ్మ నోటితో చెప్పలేదు, చౌరస్తా వైపు కళ్లతో చూపించింది.

కుండ పెంకులు రిక్షాలు తిరిగే చోట చెల్లాచెదురుగా పడున్నాయి. ఎండకు అప్పుడే పొడిబారి ఉన్నాయి. ఒక పెంకు మీద ఇంకా గుడ్లు అంటుకుని ఉన్నాయి. సగ్గుబియ్యంలా తెల్లబడిపోయాయి. వాటి మీద చీమలు పాకుతున్నాయి. ఆ వీధిలో ఉండే తెలుగావిడ నన్ను చూసి, జాలిపడిందో గొప్పగా చెప్పిందో తెలియదు గానీ అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అత్త తలస్నానం చేసి, కుండను భుజాన పెట్టుకుని వచ్చిందట. చౌరస్తాకు వీపు తిప్పి, కుండను వెనక్కి వదిలేసి, తిరిగి చూడకుండా వెళ్లిపోయిందట.

నాకు ఏడుపు రాలేదు. ఎందుకంటే వింటున్నంతసేపూ ఒక్క విషయం కళ్లకు కట్టినట్టు కనపడింది. నేను చిల్లికుండ పెట్టింది చేపల కోసం. ఆవిడ చేసింది శ్మశానంలో చేసే పని. భుజాన ఎత్తుకుని, వెనక్కి విసిరి, తిరిగి చూడకుండా వచ్చింది. ఆసుపత్రిలో బతికున్న సొంత తమ్ముడికి కుండ కొట్టింది ఎవరు మరి? ఈ మాట అమ్మతో అంటే అమ్మ నా నోరు నొక్కేసింది.

తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ కాల్చింది. రెండు రోజుల్లో నాన్నకు జ్వరం దిగింది. డాక్టరు ఇంజెక్షన్లు రోజుల తరబడి పడుతూనే ఉన్నాయి. అయినా కాకి వాలడం, తాటిపండు పడటం ఒక్కసారే అయ్యేసరికి పేరంతా కాకికే వచ్చింది. ‘సూసినారా, కుండ కొట్టీసిన రెండోనాటికి తమ్ముడు కల్లు తెరిసినాడు’ అని అత్త ఇంటింటికీ తిరిగి చెప్పింది. నాన్న ఇంటికొచ్చి మంచం మీద దిండుకు ఆనుకుని కూచున్నాక నేను దగ్గరికెళ్లాను. ఆ తొట్టె ఆయన చేత్తో కట్టింది. ఆయనైనా ఒక మాట అంటాడనుకున్నాను.

“అక్క సేసింది మంచికే లేయే” అన్నాడు. “సేపలేటి, మల్లీ పెంచుకుందువు.”

అత్త మీద కోపం దుత్త మీద చూపించారని సామెత. మా ఇంట్లో నా దుత్త పగిలింది, కోపం మాత్రం అత్త మీదే నిలిచిపోయింది. నెల తిరక్కుండా చేపలు రెండూ తేలిపోయాయి. ఖాళీ తొట్టెలో అమ్మ ఉల్లిపాయలు పోసుకుంది. రోజూ అద్దంలోంచి ఉల్లిపాయల్ని చూస్తూ అన్నం తినేదాన్ని. ఆ రోజుల్లోనే అనుకున్నాను. ఈవిడ ఎప్పటికైనా తన చేత్తో, అందరూ చూస్తుండగా, చిల్లికుండను నీళ్లలో పెట్టాలి. ఎలాగో తెలియదు. పెట్టించాలి, అంతే.

కొన్నేళ్లకు నాకు పెళ్లయి టెల్కో కాలనీ క్వార్టరుకు వచ్చాను. పుట్టింటి నుంచి నేను అడిగి తెచ్చుకున్నది ఆ తొట్టె ఒక్కటే. ఉల్లిపొట్టు కడిగి, పాత పుట్టీ గీకి, కొత్తది పెట్టాను. మా ఆయన షిఫ్టు బస్సు దిగి ఇంటికి రాగానే ముందు తొట్టె ముందు కూచునేవాడు. ‘కుండకు చిల్లేమిటి’ అని ఆయన ఒక్కసారే అడిగాడు. గాలి కోసమన్నాను. ‘అవును గదా’ అన్నాడు. అంతే. ఆ రెండు ముక్కలకే ఆయన మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో ఆయనకు తెలియదు.

మా ఇంటికి వచ్చినవాళ్లు చూసి, తమ తొట్టెలు కూడా సర్దిపెట్టమని అడిగేవారు. ఆదివారాలు బకెట్టు పట్టుకుని వెళ్లేదాన్ని. కుండలు, కొబ్బరి చిప్పలు, వెదురు గొట్టాలు, నదిరాళ్లు. నేను సర్దిన తొట్టెలో చేపలు కొట్టుకోవని, చావవని పేరొచ్చింది. ఆ పేరు జుగ్సలాయి దాకా పాకింది.

ఒకరోజు అత్త సున్నుండల డబ్బాతో మా క్వార్టరుకు వచ్చింది. పెళ్లి తర్వాత రెండోసారి రావడం. సోఫాలో కూచుని వాతావరణం గురించి, పప్పుల గురించి, కోడలికి ఇంకా కడుపు పండకపోవడం గురించి మాట్లాడింది. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఏమిటో ఆ పూట చూశాను. నేను అడగలేదు. ముంత ఆవిడే బయటపెట్టేదాకా సున్నుండలు తింటూ కూచున్నాను. చివరికి బయటపెట్టింది.

“మీ బావ మనిషంత తొట్టి తెచ్చినాడే. అందులో బొమ్మలూ అవీ కూడా ఎట్టినాడు. రోజుకో సేప సచ్చి తేలతంది. ఇంటికొచ్చినోల్లంతా సూత్తన్నారు. నువ్వోపాలి వచ్చి సర్దిపెట్టాల.”

“అలాగే అత్తా” అన్నాను. డబ్బాలోంచి ఇంకో సున్నుండ తీసుకున్నాను.

ఆ కుండను నేను ఎంచుకున్నట్టు ఎవరూ పెళ్లికొడుకును కూడా ఎంచుకుని ఉండరు. జుగ్సలాయి బజారులో అదే రకం, అదే ఎర్రమట్టి, అంతే ఎత్తు. నానబెట్టాను. ఒళ్లో పెట్టుకుని ఆకురాయి మొనతో తిప్పాను. చిల్లి పడుతున్నప్పుడు నా చేతుల మీదుగా కారిన ఎర్రటి నీళ్లు నాకు గోరింటాకంత ముచ్చటగా అనిపించాయి. తర్వాత దాన్ని మా తొట్టెలోనే వెలుతురు పడే చోట బోర్లించి ఉంచాను. మెల్లగా దానికి పాచి పట్టింది. ఆకుపచ్చ, ఆపైన నలుపు. అచ్చం నదిలో నానిన రాయి.

అప్పుడు దాన్ని బకెట్లో పెట్టుకుని జుగ్సలాయి వెళ్లాను. బావ పెట్టిన జలకన్యను, మొసలిని, రంగు గులకరాళ్లను తీసి పక్కన పెట్టాను. ఇసక పరిచి, రాళ్లతో కొండ పేర్చి, నడి మధ్యలో కుండ బోర్లించాను. చిల్లి కనపడకుండా దానిమీదికి నాచు వాల్చాను. ఏంజెల్ చేపల జతను మా తొట్టెలోంచే తెచ్చి వదిలాను.

“ఆ రాయెక్కడిదే? ఎంత సక్కగుందో” అంది అత్త.

“ఖర్కాయి ఒడ్డున దొరికిందత్తా.”

అబద్ధం పాలు తాగినంత సులువుగా వచ్చింది. బావ వెనక నించుని, నేను పేర్చిన కొండను మెచ్చుకుంటూ ‘వాహ్, క్యా పహాడ్ బనాయా హై’ అన్నాడు. మా బావకు పుట్టినప్పటి నుంచీ తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబు.

ఆ తర్వాత చేపలు చావలేదు. అది నా గొప్ప. కొన్ని నెలలకు కోడలు నీళ్లోసుకుంది. అది దేవుడి గొప్పో, డాక్టరు గొప్పో. అత్త మాత్రం ఊరంతా ఒకటే చెప్పింది. తొట్టె సర్దిన వేళ మంచిదట, ఆ నల్లరాయి ఇంట్లో కాలుపెట్టిన వేళ మంచిదట. కొన్నాళ్లకు పొద్దున లేవగానే తొట్టెకు దణ్ణం పెట్టుకునేదాకా వెళ్లింది. నేను వెళ్లినప్పుడల్లా ఆ కథ మొదటి నుంచీ చెప్పేది. వింటూ తలూపేదాన్ని. బయటపెట్టెయ్యాలని నాలుక దురద పెట్టేది. ఆపుకునేదాన్ని. పగ కూడా ఆవకాయలాంటిదే. ఊరకముందు మూత తీస్తే ముక్కలు పాడవుతాయి.

మనవరాలు పుట్టింది. బారసాలకు జుగ్సలాయి ఇల్లంతా జనం. మామయ్య గోదాము వాళ్లు, టాటానగర్ రైల్వే క్వార్టర్ల నుంచి తెలుగువాళ్లు, అమ్మ, అప్పటికి తల నెరిసిన నాన్న. హాల్లో ఉయ్యాల, దాని పక్కనే తొట్టె. ఆ ముందురోజే ఏంజెల్ చేపలు గుడ్లు పెట్టాయి. ఎక్కడో వేరే చెప్పాలా? కుండ మీదే. అత్త వచ్చినవాళ్లను వచ్చినట్టే చెయ్యి పట్టుకుని తొట్టె దగ్గరికి తీసుకొస్తోంది.

“సూడండమ్మా, మా ఇంట్లో సేపలు కూడా కన్నాయి. అంతా ఆ రాయి మహత్తెం. అదొచ్చినాకే మా కోడలి కడుపు పండింది.”

ఈ మాట నా ముందే అంది. నాన్న కుర్చీలోంచి అవునవునన్నట్టు తలూపాడు. ఆ తల ఊపడం చూడగానే ఇంక ఆగలేకపోయాను. చేతిగాజులు పైకి లాక్కుని తొట్టెలో చెయ్యి పెట్టాను. కాపలా చేప నా వేళ్లను కరిచింది. కరవనిచ్చాను. నాచు తొలగించి కుండను ఎత్తి బయటకు తీశాను. నీళ్లు చీర మీద పడ్డాయి.

“ఒలే, ఏటి సేత్తన్నావే?”

“ఇది రాయి కాదత్తా. కుండ.” అడుగుభాగం ఆవిడ వైపు తిప్పాను. చిల్లిలోంచి అవతలి కిటికీ వెలుతురు కనపడింది. “సిల్లికుండ.”

వెనకాల ఎవరో ముసలావిడ శివశివ అంది. అత్త మొహంలో రంగు దిగిపోయింది.

“ఎన్నాల్నించుంది ఇది నా ఇంట్లో?”

“తొట్టి సర్దినప్పట్నించీ ఉంది. నీ కోడలు నీల్లోసుకోకముందు నించీ. నువ్వు రోజూ దన్నం ఎట్టుకుంతన్నది దీనికే. ఏటి సేద్దాం సెప్పు. చౌరస్తాకెల్దామా? బుజానెట్టుకుని, ఎనక్కి ఇసిరీసి, తిరిగి సూడకుండా వచ్చీద్దామా?”

అత్త ఉయ్యాల వైపు చూసింది. చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. ఆవిడకు దారి లేదు. చిల్లికుండ పీడ అంటే, ఉయ్యాలలో ఉన్న పిల్ల ఆ పీడ నీడనే పుట్టినట్టు. పీడ కాదంటే, ఆ రోజు నా ఇంట్లో చేసిందేమిటి? ఆవిడ పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఆ మౌనం కోసం నేను ఏళ్లకేళ్లు కాచుకున్నాను. తనివితీరా చూశాను.

“అరే, పానీ మే రఖ్ దో నా, అండే సూఖ్ జాయేంగే” అన్నాడు బావ, గుడ్లు ఎండిపోతాయని. ఆయనకు సంగతేమీ తెలియదు పాపం.

అప్పుడు అత్త కుండ మీది గుడ్లను చూసింది. గొంతు మారిపోయింది. “నీల్లలో పెట్టీయే, నీకు పున్నెముంటాది. గుడ్లున్నాయి దానిమీద. సచ్చిపోతాయి.”

“ఆ రోజూ ఉన్నాయి” అన్నాను. “నాలుగు రోజులాగమన్నాను. సర్లే అన్నావు.”

కుండను ఆవిడ ముందుకు చాపాను. “నువ్వే పెట్టు.”

నాన్న కుర్చీలోంచి లేవబోయాడు. “ఇలాగియ్యే, నాను పెడతాను. అక్కనెందుకు...”

“నువ్వు కూకో నాన్నా” అన్నాను. ఆయన్ని నేను ఎప్పుడూ అలా అనలేదు. కూచున్నాడు.

అత్త రెండు చేతులూ చాపి చిల్లికుండను అందుకుంది. ఒకనాడు నాన్నను పెంచిన చేతులు, నా గుడ్లను పగలగొట్టిన చేతులు, అందరి ముందు ఆ కుండను పసిపిల్లలా పట్టుకున్నాయి. కొత్త పట్టుచీర మోచేతుల దాకా తడుస్తున్నా పట్టించుకోకుండా నీళ్లలోకి దించింది. కంగారులో మూతి పైకి పెట్టబోయింది.

“అలాక్కాదు. బోర్లించు.”

బోర్లించి నొక్కింది. కుండ ఓ పక్కకు ఒరిగింది. తర్వాత చిల్లిలోంచి బుడగలు వరసగా బుడబుడమని పైకొచ్చాయి. వచ్చి వచ్చి ఆగిపోయాయి. కుండ ఇసకలో కదలకుండా కూచుంది. కాపలా చేప వచ్చి అత్త వేలిని కరిచింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పైకొచ్చి పగిలిన ఆఖరి బుడగ వైపే చూస్తోంది.

“గాలికా ఆ సిల్లి?” అంది, నాకొక్కదానికే వినపడేట్టు.

“గాలికే. ఆ రోజూ అదే సెప్పినాను.”

కాసేపటికి ఎవరో ఉయ్యాల పాట అందుకున్నారు. విస్తళ్లు వేశారు. పులిహోర బాగా కుదిరింది. నేను రెండోసారి కూడా అడిగి వడ్డించుకున్నాను. అత్తే వడ్డించింది, తడి కొంగు నడుముకు చెక్కుకుని, నా మొహంలోకి చూడకుండా.